నలుగురిలో నోరు పెగలనివాళ్లకు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ ఇందిరా పార్కులో ఆదివారం ఉదయం ఒక పదిమందిమి కలుస్తాం. బోర్డు లేదు, పేరు లేదు, ఫీజు లేదు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే గుండె దడదడలాడేవాళ్లమే అందరం. ఒకరితో ఒకరం మాట్లాడటం సాధన చేస్తాం, తర్వాత బయటికెళ్లి టీ తాగుతాం. కొత్తవాళ్లు వాట్సాప్‌లో అడిగే సందేహాలు మాత్రం ఏళ్ల తరబడి అవే. ఒకే జవాబు కాపీ చేసి పంపీ పంపీ విసుగొచ్చి ఇలా ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను. ఏడాదిన్నర థెరపీ తీసుకున్నవాణ్ణి, అంతే. వరసగా చదవాల్సిన పని లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

నాది ఉత్త మొహమాటమా, జబ్బా?

విస్తట్లో రెండోసారి గారె వేస్తుంటే వద్దనలేకపోవడం మొహమాటం. కొత్త అల్లుడు అత్తారింట్లో ఉప్పు తక్కువైనా చెప్పకుండా తినేయడం మొహమాటం. వాటివల్ల ఎవరి బతుకూ ఆగిపోదు. బస్సులో "ఇక్కడ ఆపండి" అని గట్టిగా అనలేక తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచి రావడం, రోజూ అదే పని చేయడం వేరు. డాక్టర్లు దీన్ని సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ అంటారు. నలుగురూ తప్పుపడతారేమో, నవ్వుతారేమో అన్న భయం ఆరు నెలలో అంతకు మించో ఉండి, చదువుకో ఉద్యోగానికో స్నేహాలకో అడ్డుపడుతుంటే ఆ పేరు పెడతారు. అమెరికా సైకియాట్రీ సంఘం 1980లో దీన్ని సోషల్ ఫోబియా అన్న పేరుతో తన జబ్బుల జాబితాలో చేర్చింది.

జాబితాల సంగతి డాక్టర్లు చూసుకుంటారు. నేను ఒకటే అడుగుతాను: ఈ భయం వల్ల ఇప్పటిదాకా ఏమేం వదులుకున్నారు? కాగితం మీద రాయండి. నా కాగితంలో ఒక ప్రమోషన్, ఇద్దరు స్నేహితులు, కాలేజీ ఫేర్‌వెల్, సొంత చెల్లెలి పెళ్లిలో ఒక పూట ఉన్నాయి. అవి చూసుకున్నాకే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

ఇంట్లో వసపిట్టలా మాట్లాడతాను, బయట మూగపోతాను. నటిస్తున్నావంటారు మావాళ్లు. ఇదేంటి?

నటన కాదు. నిజానికి మీ విషయంలో ఇది మంచి సూచన. ఇంట్లో జోకులేసి, అమ్మతో వాదించి, తమ్ముణ్ణి ఏడిపించగలిగే మనిషికి మాటలు రాకపోవడమేంటి? మాటలున్నాయి, బయట భయం వాటికి అడ్డం పడుతోంది. కొందరికి ఇంట్లోనూ మాట కలపడం తెలియదు, ఎదుటివాళ్ల ముఖం చూసి మనసు పట్టుకోలేరు. వాళ్లకు ముందు నేర్పు కావాలి. మీకు కావలసింది ధైర్యం. ఈ తేడా తెలియకనే చాలామంది "ఎలా మాట్లాడాలి" అన్న వీడియోలు వందలకొద్దీ చూసి, చూసినకొద్దీ ఇంకా బిగుసుకుపోతారు.

నాకు ఒంటరిగా ఉండటమే ఇష్టం. నేనూ మారాలా?

అక్కర్లేదు. పార్టీకి వెళ్లకుండా ఇంట్లో పుస్తకం చదువుకుని హాయిగా నిద్రపోతే మీది స్వభావం. వెళ్లాలని ఉండి, వెళ్లలేక, ఇంట్లో కూర్చుని వాళ్ల ఫొటోలు చూసుకుంటుంటే అప్పుడు ఆలోచించండి.

టెన్త్ దాకా బాగానే ఉన్నాను. ఇంటర్ తర్వాతే ఇలా అయ్యాను. ఎందుకు?

ఈ భయం ఎక్కువమందిలో టీనేజ్‌లోనే మొదలవుతుంది, ఇది ప్రపంచమంతా ఉన్నదే. కొంత పుట్టుకతో వచ్చే స్వభావం, కొంత ఇంటి వాతావరణం, కొన్నిసార్లు క్లాసులో జరిగిన ఒక్క అవమానం. మన దగ్గర దానికి ఇంకొకటి తోడవుతుంది. పదహారేళ్ల పిల్లల్ని తీసుకెళ్లి రెండేళ్లపాటు రెసిడెన్షియల్ కాలేజీలో పెడతాం. ఉదయం స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్. పక్కవాడితో మాట్లాడితే తప్పు, అమ్మాయిలతో అబ్బాయిలు మాట్లాడితే మహా నేరం. "మా వాడు బుద్ధిమంతుడండీ, తల వంచుకుని వెళ్తాడు, తల వంచుకుని వస్తాడు" అని మెచ్చుకుంటాం. మాట్లాడకపోవడానికి మార్కులు వేసిన మనమే నాలుగేళ్ల తర్వాత క్యాంపస్ ఇంటర్వ్యూకి టై కట్టి పంపి, గ్రూప్ డిస్కషన్‌లో నోరు విప్పలేదేమని కోప్పడతాం. అందరూ అలా అయిపోరు, నిజమే. ముందే బెరుకున్న పిల్లల్లో మాత్రం ఆ రెండేళ్లు దాన్ని ముదరబెడతాయని నా గట్టి నమ్మకం. మా గుంపులో సగం మంది కథ ఇదే.

ఇంగ్లిష్ బాగా వస్తే కాన్ఫిడెన్స్ అదే వస్తుందా?

అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులకు వెళ్లేవాళ్లలో చాలామంది ఈ ఆశతోనే చేరతారు. ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ముక్కూమొహం తెలియని మనిషితో తెలుగులో ఐదు నిమిషాలు తేలిగ్గా మాట్లాడగలరా? మాట్లాడగలిగితే మీకు కావలసింది ఇంగ్లిషే, వెళ్లి నేర్చుకోండి. తెలుగులోనూ గొంతు తడారిపోతుంటే గ్రామర్ ఎంత నేర్చినా ఇంటర్వ్యూలో అది గుర్తురాదు. నాకు తెలిసిన ఒకాయన మూడు బ్యాచ్‌లు పూర్తిచేశాడు. రాతలో తప్పు దొరకదు, ఫోనెత్తమంటే చెయ్యి వణుకుతుంది.

## ఎవరి దగ్గరికి వెళ్లాలి

సైకియాట్రిస్టా, సైకాలజిస్టా, కౌన్సెలరా? తికమకగా ఉంది

సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ చదివి, ఆపైన సైకియాట్రీలో ఎండీ గానీ డీపీఎం అనే డిప్లొమా గానీ చేసిన డాక్టర్. మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్ట్ థెరపీ చేస్తారు, మందులు రాయరు. వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థలో రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడగడం తప్పేమీ కాదు. కౌన్సెలర్ అన్న పేరు మాత్రం రెండేళ్లు చదివినవాళ్లూ పెట్టుకుంటున్నారు, రెండు వారాల సర్టిఫికెట్ ఉన్నవాళ్లూ పెట్టుకుంటున్నారు. మొదటి ఫోన్‌లోనే రెండు అడగండి: "మీరు సోషల్ యాంగ్జైటీకి సీబీటీ చేస్తారా? బయట చేయాల్సిన ఎక్సర్‌సైజులు ఇస్తారా?" సీబీటీ అంటే ఆలోచనల మీదా అలవాట్ల మీదా పనిచేసే థెరపీ, దాని గురించి కింద చెబుతాను. రెండోదానికి నసిగితే ఇంకొకరిని చూసుకోండి.

ఫోన్ చేయడమే భయమైతే? మెసేజ్ పెట్టండి. నేనూ అదే చేశాను. అది కూడా మూడు రోజులు టైప్ చేసి, చెరిపి.

ఎర్రగడ్డకు వెళ్తే పిచ్చివాడని ముద్ర వేయరా?

హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లం కదా, "నిన్ను ఎర్రగడ్డలో వేయాలి" అనే మాటతోనే పెరిగాం. అక్కడున్నది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ. దాని ఓపీలో నిద్రపట్టనివాళ్లు, డిప్రెషన్ ఉన్నవాళ్లు, పరీక్షల టెన్షన్‌తో వచ్చిన పిల్లలు కనిపిస్తారు. వచ్చినవాళ్లను ఆపేసుకుని లోపల పెట్టరు. గాంధీ ఆసుపత్రిలోనూ సైకియాట్రీ విభాగం ఉంది. ఇబ్బంది ఒక్కటే, రద్దీ. గంటసేపు కూర్చోబెట్టి థెరపీ చేసే తీరిక అక్కడ దొరకడం కష్టం. జబ్బేంటో తేల్చుకోవడానికి, మందులకు మాత్రం డబ్బులేనివాళ్లకు అదే దిక్కు, మంచి దిక్కే. ముద్ర సంగతంటారా, ఓపీ చీటీ మీ జేబులో ఉంటుంది, నుదుటి మీద ఉండదు.

ఎంత ఖర్చవుతుంది? ఇన్సూరెన్స్ వస్తుందా?

నగరంలో ప్రైవేటుగా ఒక్కో సెషన్‌కు మామూలుగా వెయ్యి నుంచి రెండున్నర వేల దాకా అడుగుతున్నారు. స్లైడింగ్ స్కేల్ ఉందా, అంటే ఆదాయాన్ని బట్టి తగ్గిస్తారా అని అడగండి, తగ్గించేవాళ్లు ఉన్నారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శరీరపు జబ్బులకు ఎలాగో మానసిక జబ్బులకూ అలాగే బీమా ఇవ్వాలి. కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. థెరపీ ఓపీ కిందికి వస్తుంది కాబట్టి మీ పాలసీలో ఓపీడీ కవర్ ఉందేమో చూడండి. హైటెక్ సిటీ కంపెనీల్లో పనిచేసేవాళ్లు ముందు హెచ్ఆర్ పోర్టల్ తెరవండి. చాలా కంపెనీలు కొన్ని సెషన్లు ఉచితంగా ఇస్తాయి, ఆ సంగతి ఉద్యోగులకే తెలియదు.

థెరపిస్ట్ తెలుగువాళ్లే అయివుండాలా?

తెలుగువాళ్లు కానక్కర్లేదు గానీ, మీరు ఏ భాషలో భయపడతారో ఆ భాష అర్థమైతే మేలు. నా బుర్రలో తిరిగే మాట "పరువు పోయింది". దాన్ని మొదటి థెరపిస్ట్‌కు ఇంగ్లిష్‌లో చెప్పడానికి నానా తంటాలు పడ్డాను. పరువంటే నా ఒక్కడిది కాదు కదా, అందులో మా నాన్న, మా ఊరు, మా మేనత్త అందరూ ఉన్నారు. తర్వాత తెలుగు వచ్చినావిడ దగ్గరికి మారాను. "ఎవరి ముందు పోయింది? ఎంత పోయింది?" అని ఆవిడ అడిగితే నవ్వొచ్చింది. ఆ రోజు నుంచే పని ముందుకు కదిలింది.

మూడు రోజుల వర్క్‌షాప్‌లో మనిషిని మార్చేస్తామంటున్నారు. చేరనా?

చేరకండి. నేను చేరాను. ఒక హోటల్ హాల్లో రెండొందల మందిమి కుర్చీలెక్కి "నేను సింహాన్ని" అని అరిచాం. ఆదివారం రాత్రి నిజంగానే సింహంలా ఇంటికొచ్చాను. సోమవారం మేనేజర్‌ని ఒక్కరోజు సెలవడగలేకపోయాను.

పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. థెరపీ సంగతి ఇంట్లో చెప్పాలా?

మీరు మేజర్లయితే చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. మీ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచాలని చట్టమే చెబుతోంది. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలు తప్ప, మీ అనుమతి లేకుండా మీ అమ్మగారికైనా చెప్పకూడదు. నా సలహా: ఇంట్లో ఒక్క మనిషిని ఎంచుకుని చెప్పండి. అక్కో, పిన్నో, బావగారో. వారంవారం ఎక్కడికి వెళ్తున్నావని అందరూ అడుగుతుంటే అబద్ధాలాడటం ఇంకో టెన్షన్. ఇక కుదిరిన సంబంధం విషయంలో, చేసుకోబోయే మనిషికి పెళ్లికి ముందే చెప్పడం మంచిదని నేననుకుంటాను. "కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు భయం, దానికి సాయం తీసుకుంటున్నాను" అంటే చాలు.

## థెరపీ మొదలయ్యాక

లోపల ఏం చేస్తారు? మన గోడు వినడమేనా?

మొదటి రెండు మూడు సార్లు వింటారు. తర్వాత పని పెడతారు. ఈ భయానికి బాగా పరిశీలించి చూసిన పద్ధతి సీబీటీ, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. 1995లో డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే సైకాలజిస్టులు సోషల్ యాంగ్జైటీ ఎందుకు పోకుండా పాతుకుపోతుందో వివరించారు. వాళ్ల మాట నాకు అర్థమైనంతలో ఇది: భయపడే మనిషి ఎదుటివాళ్లను చూడడు, తనను తాను చూసుకుంటూ ఉంటాడు. చెయ్యి వణికిందా, ముఖం ఎర్రబడిందా, మాట తడబడిందా. లోపలి గుబులునే అద్దం అనుకుని, బయటికీ అలాగే కనిపిస్తున్నానని నమ్ముతాడు.

ఆ నమ్మకాన్ని విడగొట్టడానికి మిమ్మల్ని మాట్లాడించి వీడియో తీసి చూపిస్తారు. నా వీడియో చూసేముందు చెయ్యి ఎంత వణికి ఉంటుందో పదికి మార్కులు వేయమంటే తొమ్మిది వేశాను. వీడియోలో వణుకు కనిపించలేదు. మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు 2013లో ఈ పద్ధతికి 14 సెషన్లు, ఒక్కోటి గంటన్నర, సుమారు నాలుగు నెలలు అని చెప్పాయి. మన దగ్గర సెషన్ ముప్పావుగంటో గంటో ఉంటుంది కాబట్టి ఇంకొంత ఎక్కువ కాలం పడుతుంది.

ఫంక్షన్లకు వెళ్తూనే ఉన్నాను, మీటింగుల్లో కూర్చుంటూనే ఉన్నాను. అయినా భయం ఎందుకు పోవడం లేదు?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. వెళ్తున్నారు సరే, వెళ్లి ఏం చేస్తున్నారు?

నా సంగతి చెబుతాను. పెళ్లికి వెళ్లేవాణ్ణి. ఫంక్షన్ హాల్లో స్తంభం పక్క కుర్చీ చూసుకునేవాణ్ణి. ఫోన్ తీసి, ఎవరూ మెసేజ్ పెట్టకపోయినా చూస్తూ కూర్చునేవాణ్ణి. ఎవరైనా వస్తే "తిన్నారా?" అని అడిగి, జవాబు వినకముందే "మీరు కానివ్వండి" అని లేచేవాణ్ణి. చెమట కనబడకుండా నల్ల చొక్కా. గ్లాసు రెండు చేతులతో. అక్షింతలు వేసి, భోజనం చేసి, ముప్పావుగంటలో బయట. ఏమీ జరగలేదు, బతికిపోయాను. ఎందుకు బతికిపోయానంటే నా మనసు చెప్పే జవాబు: "నల్ల చొక్కా వేసుకున్నావు కాబట్టి. ఫోన్ చూసుకున్నావు కాబట్టి." అంటే వంద పెళ్లిళ్లకు వెళ్లినా నేను నేర్చుకున్నది నల్ల చొక్కా గొప్పదనమే.

వీటిని సేఫ్టీ బిహేవియర్స్ అంటారు, మా గుంపులో గొడుగులు అంటాం. ఆఫీసు కాల్‌లో కెమెరా ఆపేయడం గొడుగు. చెప్పాల్సిన వాక్యం మనసులో పదిసార్లు అనుకుని అప్పటికి టాపిక్ మారిపోయాక "ఏం లేదు" అనడం గొడుగు. తోడుకు కజిన్‌ని తీసుకెళ్లడం, గబగబా మాట్లాడి ముగించడం, ప్రశ్నలే అడుగుతూ తన గురించి ఒక్క ముక్క చెప్పకపోవడం, ఇవీ అంతే. గొడుగు పట్టుకున్నంతకాలం వాన పడుతోందో లేదో మీకు తెలియదు. ఒక రోజు గొడుగుతో, ఇంకో రోజు గొడుగు లేకుండా అదే పని చేసి తేడా రాసుకోవడం థెరపీలో పెద్ద ప్రయోగం. తమాషా ఏంటంటే గొడుగులు మన దగ్గర ఇంకో నష్టం కూడా చేస్తాయి. ఫోన్ చూసుకుంటూ కూర్చున్నవాణ్ణి భయస్థుడని ఎవరూ అనుకోరు, పొగరుబోతు అనుకుంటారు. మా మేనత్త నన్ను పదేళ్లు అలాగే అనుకుంది.

నేను నడిచొస్తుంటే అందరూ నన్నే చూస్తున్నట్టుంటుంది. నిజంగా చూడటం లేదా?

కొందరు చూస్తారు, మీరనుకున్నంత మంది కాదు. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు విద్యార్థులకు ఒక గాయకుడి బొమ్మ ఉన్న, వేసుకోవడానికి సిగ్గుపడేలాంటి టీషర్ట్ తొడిగి గదిలోకి పంపారు. సగం మంది గమనించి ఉంటారని వేసుకున్నవాళ్లు అనుకున్నారు. నిజంగా గమనించింది దాదాపు పావు వంతు. 2000లో అచ్చయిన ఈ పరిశోధన స్పాట్‌లైట్ ఎఫెక్ట్ అన్న పేరుతో ప్రసిద్ధం. నమ్మకం కుదరకపోతే మీరే చూసుకోండి: నిన్న మీ ఆఫీసు లిఫ్ట్‌లో మీ పక్కన నిలబడ్డ మనిషి ఏ రంగు చొక్కా వేసుకున్నారు?

గొంతు వణుకుతుంది, చెమటలు పడతాయి. ఆపడం ఎలా?

ఆపే ప్రయత్నం మానడం మొదటి పని. ఆపాలని చూస్తే దృష్టంతా గొంతు మీదికే పోయి ఇంకా వణుకుతుంది. దృష్టి బయటికి తిప్పండి: ఎదుటి మనిషి ఏం చెబుతున్నారు, కళ్లజోడు ఏ రంగు, వెనక ఫ్యాన్ చప్పుడెలా ఉంది. ఇంట్లో రేడియో వింటూ రోజూ ఐదు నిమిషాలు దృష్టిని ఇలా లోపలికీ బయటికీ మార్చడం సాధన చేస్తే అవసరానికి పనికొస్తుంది. మరీ ఇబ్బందైతే "కాస్త టెన్షన్‌గా ఉందండి" అనేయండి. అన్నాక దాచాల్సింది తగ్గిపోతుంది.

మందులు వాడాలా? జీవితాంతం వాడాలేమో?

అది సైకియాట్రిస్ట్ తేల్చాలి. అందరికీ అవసరం పడదు. థెరపీ వద్దనుకున్నవాళ్లకు, భయం మరీ ఎక్కువై థెరపీకి కూడా కూర్చోలేనివాళ్లకు సాధారణంగా ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు (డిప్రెషన్‌కూ ఇవే వాడతారు) రాస్తారు, ఎస్‌సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ వంటివి. వేసిన రోజే పనిచేయవు, గుణం కనబడటానికి వారాలు పడుతుంది. బాగైపోయిందని మీ అంతట మీరే ఒక్కసారిగా ఆపేయకండి, డాక్టర్ మెల్లగా తగ్గిస్తారు. స్టేజీ ఎక్కేముందు ఎవరో వేసుకున్నారని గుండె దడ తగ్గించే ప్రొప్రనలాల్ తెచ్చుకునేవాళ్లున్నారు. అది ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రమాదం. ఆల్‌ప్రాజోలామ్ లాంటి టెన్షన్ తగ్గించే మాత్రలు అలవాటుగా మారతాయి. మెడికల్ షాపు అబ్బాయి సలహా మీద ఇవేవీ వద్దు.

రెండు పెగ్గులేస్తే బాగా మాట్లాడతాను. అది చాలదా?

పెగ్గు కూడా పైన చెప్పిన సేఫ్టీ బిహేవియరే, మా భాషలో గొడుగే, కాకపోతే ఖరీదైనది. మాట్లాడింది మందేనని మీకూ తెలుసు కాబట్టి ధైర్యం మీ ఖాతాలో పడదు. మర్నాడు పొద్దున ఏం వాగానో అన్న బెంగ అదనం. సోషల్ యాంగ్జైటీ ఉన్నవాళ్లలో తాగుడు సమస్యగా మారడం డాక్టర్లు తరచూ చూసేదే. థెరపిస్ట్‌కు ఈ సంగతి దాచకుండా చెప్పండి.

## బయట సాధన

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

భయపెట్టే పనులన్నీ రాసి, ఒక్కోదానికి నూటికి మార్కులు వేయండి. ముప్పై నలభై దగ్గరున్న పని మొదట చేయండి. పది మార్కుల పనిలో నేర్చుకునేదేమీ లేదు, తొంభైతో మొదలుపెడితే పారిపోతారు.

సాధనకు ఈ ఊరు లాంటి ఊరు లేదు. రైతుబజార్‌లో టమాటాలు కొని కరివేపాకు కొసరు అడగండి. ఇరానీ హోటల్లో ఫోన్ జేబులోంచి తీయకుండా ఒంటరిగా కూర్చుని చాయ్, ఉస్మానియా బిస్కెట్ పూర్తిచేయండి. దారి తెలిసినా అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో రాయదుర్గం రైలు ఏ ప్లాట్‌ఫామ్ మీదికి వస్తుందని అడగండి. మీకు హిందీ అంతంతమాత్రమైతే ఆటో అన్నతో కావాలని ఆ హిందీలోనే మాట్లాడండి, ఈ ఊళ్లో అందరి హిందీ అంతే. కోఠి సుల్తాన్ బజార్‌లో బేరమాడి, కొనకుండా "వద్దులే భయ్యా" అని వచ్చేయడం నాకు అప్పట్లో అరవై మార్కుల పని. షాపులో నాలుగు చొక్కాలు విప్పించి ఒక్కటీ తీసుకోకుండా రావడం డెబ్బై. చివరి మెట్టుగా కొందరు బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో, ఎవరైనా ఎక్కి మాట్లాడగలిగే ఓపెన్ మైక్‌కు పేరిస్తారు. ముందు రెండుసార్లు ఊరికే వెళ్లి సమోసా తిని రండి, తప్పులేదు.

రోజుకు ఎంతసేపు చేయాలి?

వారానికి ఒక పెద్ద సాహసం కన్నా రోజుకో చిన్న పని మేలు. వెళ్లేముందు ఒక్క వాక్యం రాయండి: "ఏం జరుగుతుందని భయపడుతున్నాను?" వచ్చాక ఇంకోటి: "నిజంగా ఏం జరిగింది?" నా పుస్తకంలో ఒక పేజీ: "కొసరు అడిగితే కూరలమ్మే ఆవిడ అందరి ముందు తిడుతుంది." కింద: "రెండు రెబ్బలు ఎక్కువేసి, పెళ్లయిందా బిడ్డా అని అడిగింది." రాయకుండా చేసే సాధన సగం వృథా. భయం మర్చిపోదు, జరిగింది మాత్రం మనం మర్చిపోతాం.

కావాలని నవ్వులపాలయ్యే ఎక్సర్‌సైజులు ఇస్తారట, నిజమేనా?

నిజమే. ఆల్బర్ట్ ఎలిస్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ వీటికి షేమ్ అటాకింగ్ అని పేరు పెట్టాడు. రైలులో వచ్చే స్టేషన్ పేరు గట్టిగా చెప్పడం లాంటివి. ఆయనే 19 ఏళ్ల వయసులో, 1933లో, ఆడవాళ్లతో మాట్లాడాలంటే ఉన్న భయం పోగొట్టుకోవాలని న్యూయార్క్‌లో ఒక తోటకు రోజూ వెళ్లి బెంచీల మీద కూర్చున్నవాళ్లతో మాట కలిపాడట. వంద మందితో మాట్లాడితే ఒక్కావిడ మళ్లీ కలుస్తానంది, ఆవిడా రాలేదు. కానీ ఆయన భయం పోయింది.

కథ బాగుంది గానీ, అబ్బాయిలూ, దీన్ని కాపీ కొట్టకండి. ముక్కూమొహం తెలియని ఆడవాళ్లు మీ సాధన సామగ్రి కాదు. ఎదుటివాళ్లకు ఇబ్బందో భయమో కలిగించేది ఏదీ ఎక్సర్‌సైజ్ కాదు. రెండు కాళ్లకు రెండు రకాల చెప్పులేసుకుని ట్యాంక్‌బండ్ మీద నడవండి. ఎవరికీ నష్టం లేదు.

మాట మొదలుపెట్టాక ఏం మాట్లాడాలో తోచదు

తెలుగులో ఈ కష్టం తక్కువ. "మీదే ఊరండీ?" అన్న ఒక్క ప్రశ్న చాలు, హైదరాబాద్‌లో సగం మందికి ఇంకో సొంతూరుంది. కిటుకు ఆ తర్వాత ఉంది: వాళ్ల జవాబులోంచి ఒక్క ముక్క పట్టుకోండి. "మాది సిద్దిపేట పక్కన, నాన్న వ్యవసాయం" అంటే ఊరుంది, నాన్న ఉన్నారు, పొలం ఉంది. "ఏం వేస్తారు?" అనండి. ఆపై మీ గురించీ ఒక ముక్క చెప్పండి, లేకపోతే పోలీసు విచారణలా ఉంటుంది. కులం, జీతం, పిల్లలెందుకు లేరు, ఈ మూడూ మీకు ఎవరైనా వేసిన ప్రశ్నలే అయినా మీరు వేయకండి. మధ్యలో మౌనం వస్తే రానివ్వండి. నాలుగు సెకన్ల మౌనం మీకు నాలుగు నిమిషాల్లా ఉంటుంది, అవతలివాళ్లకు కాదు.

ఆఫీసు మీటింగ్‌లో నోరు తెరవలేకపోతున్నాను

మొదటి ఐదు నిమిషాల్లో ఒక్క మాట అనేయండి, "వాయిస్ క్లియర్‌గా ఉందా?" అయినా సరే. ఆలస్యమైనకొద్దీ మొదటి మాట బరువెక్కుతుంది. తెలివైన మాట చెప్పాలన్న పట్టుదల పెట్టుకోకండి, మిగతావాళ్లు అలాంటి నియమమేమీ పెట్టుకోలేదు.

టోస్ట్‌మాస్టర్స్ పనికొస్తుందా?

వస్తుంది. నలుగురి ముందు మాట్లాడటం సాధన చేయించే క్లబ్బుల సంస్థ ఇది. 1924లో కాలిఫోర్నియాలో మొదలైంది, హైదరాబాద్‌లో చాలా క్లబ్బులున్నాయి. అతిథిగా వెళ్లి చూడటానికి డబ్బులు అడగరు. అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడించే టేబుల్ టాపిక్స్ మంచి కసరత్తు. ఒక్క హెచ్చరిక: స్టేజీ మీద ప్రసంగం వేరు, టీ బల్ల దగ్గర కబుర్లు వేరు. గొప్పగా ప్రసంగించి, దిగాక ఎవరికీ కనబడకుండా వెళ్లిపోయేవాళ్లను చూశాను. మీ భయం రెండోదైతే మీటింగ్ అయ్యాక ఉండే పావుగంటే మీ అసలు క్లాసు.

అప్పడిగినా, అదనపు పని ఇచ్చినా కాదనలేను

మనకు "చూద్దాంలే" అన్న గొప్ప మాట ఉంది. కాదు అని చెప్పకుండా, ఔననీ అనకుండా రెండు వారాలు నరకం అనుభవించడానికి అది చాలు. బదులుగా మూడు ముక్కలు: మన్నన, కాదు, ముగింపు. "బావగారూ, మీరడిగారంటే అవసరమే అయ్యుంటుంది. నేను ఇవ్వలేను. ఏమనుకోవద్దు." కారణాల చిట్టా విప్పకండి, ఒక్కో కారణానికీ ఆయన దగ్గర పరిష్కారం ఉంటుంది. చెప్పాక ఒంట్లో వణుకు ఒక పావుగంట ఉంటుంది.

చుట్టాలందరి ముందు "వీడు మాట్లాడడు" అని మా పిన్ని నవ్వుతుంది. ఏం చేయను?

ఆవిడ పక్కకు దొరికినప్పుడు చెప్పండి: "పిన్నీ, అలా అంటే నాకు ఇంకా మాట రాదు." చాలామంది పిన్నులు ఆ మాటకు మెత్తబడతారు. మెత్తబడనివాళ్లతో వాదన వద్దు, వంటగదిలోకెళ్లి ఏదైనా పని అందుకోండి. చేతిలో పనుంటే మాట దానంతటదే వస్తుంది. మీరు ఆ పిన్నే అయి ఇది చదువుతుంటే, దయచేసి ఆ జోకు ఆపేయండి.

## కొంత దూరం వచ్చాక

నిన్న బాగానే మాట్లాడాను. రాత్రంతా "అలా ఎందుకన్నాను" అని నిద్రపట్టలేదు

ఇది చాలా మామూలు. మనసు రాత్రి పదకొండుకు సినిమా వేస్తుంది, తప్పుల్ని మాత్రమే చూపిస్తుంది. దాంతో వాదించకండి. "మళ్లీ సినిమా మొదలైంది" అని పేరు పెట్టి, లేచి నీళ్లు తాగి, చేతులతో చేసే పని ఏదైనా అందుకోండి. స్నేహితుడికి ఫోన్ చేసి "నేనేమైనా తప్పుగా అన్నానా?" అని అడగకండి. ఆ భరోసా గంటసేపే పనిచేస్తుంది.

రెండు నెలలు బాగుండి మళ్లీ మొదటికొచ్చాను

జ్వరం, ఉద్యోగం మారడం, ఇంట్లో గొడవ, ఏదైనా సరే వెనక్కి లాగుతుంది. మొదటికి రాలేదు, మెట్లు గుర్తున్నాయి. రెండు మెట్లు కిందికి దిగి ఈ వారమే మొదలుపెట్టండి. థెరపిస్ట్ దగ్గర మళ్లీ ఒకటి రెండు సెషన్లు తీసుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

ఇలా బతకడం కన్నా చావడం మేలనిపిస్తోంది

సాధన సంగతి పక్కన పెట్టండి. ఇప్పుడే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన ఉచిత లైన్. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రాణానికి ముప్పు ఉన్నట్టుంటే దగ్గర్లో ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి, ఇంట్లో ఎవరో ఒకరిని లేపి చెప్పండి. ఏం చెప్పాలో తెలియకపోతే "నాకు బాలేదు, నాతో ఉండు" అనండి.

ఇది పూర్తిగా పోతుందా? మీకు పోయిందా?

కొందరికి దాదాపు పోతుంది. చాలామందికి పని చేసుకోనిచ్చేంతగా తగ్గుతుంది. నాకు పోలేదు, తగ్గింది. పోయిన నెల మా మేనకోడలి ఓణీల ఫంక్షన్‌లో చేతికి మైకిచ్చారు. గొంతు వణికింది. రెండు నిమిషాలు మాట్లాడాను, ఒక జోకు పేలింది, ఒకటి పేలలేదు. దిగాక మా బాబాయి భుజం మీద చెయ్యేసి "ఇంకాసేపు మాట్లాడాల్సింది కదరా" అన్నాడు. పెరుగన్నం అయిపోతోందని చెప్పి అక్కణ్ణుంచి జారుకున్నాను. పెరుగన్నం గిన్నె నిండా ఉంది.